ఊరికి చదివి వినిపించగలమా?

ప్రతి ఏడాదీ ఏదో ఒక పోటీ కాగితం బడికి వస్తుంది. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలు తమ ప్రాంతం గురించి ఒక వార్తా కథనం రాయాలి. ఆరువందల మాటలు దాటకూడదు. ఒక ఫోటో జతచేయాలి. ప్రధానోపాధ్యాయుడి సంతకం ఉండాలి. ఆ కాగితం మండలం దాటి మన ఆశ్రమ పాఠశాలకు చేరేసరికి గడువు నాలుగు రోజులుంటుంది. సారు తరగతిలోకి వచ్చి, చేతిరాత బాగున్న పిల్లనో పిల్లవాడినో లేపుతారు. "దేని మీద రాయమంటారు సార్?" అని వాళ్ళు అడుగుతారు. "మన ప్రాంతంలో సమస్యలకేం తక్కువ, ఏదో ఒకటి రాయి" అంటారు సారు. ఆ సార్లలో నేనూ ఒకణ్ణి.

కథను విమర్శిస్తాం, కవితను విమర్శిస్తాం. మన మీద బయటివాళ్ళు రాసిన నవలల గురించి సభలు పెట్టి మాట్లాడతాం. మన పిల్లలు రాసిన వార్తను మాత్రం బహుమతి వచ్చిందా రాలేదా అని అడిగి వదిలేస్తాం. కానీ ఆ పిల్లలు తమ ఊరి గురించి లోకానికి చెప్పే మొదటి మాట అదే. ఆ మాట ఎవరి కళ్ళతో చూసి రాశారు, ఎవరి కోసం రాశారు అన్నది కథాకవితల కంటే తక్కువ విషయం కాదు. అందుకే ఒక పోటీకి మా పాడేరు వైపు బడుల నుంచి వెళ్ళిన రాతల్లో కొన్నింటిని ఇక్కడ సాహిత్యాన్ని చదివినట్టే చదవాలనుకున్నాను. పిల్లల పేర్లు రాయను. పోటీ పెట్టినవాళ్ళ పేరూ రాయను. తప్పు ఒక్క పోటీది కాదు.

మొదటి బహుమతి డోలీ మీద రాసిన కథనానికి వచ్చింది. నొప్పులు పడుతున్న గర్భిణిని డోలీలో మోసుకుంటూ కొండ దిగిన కథ. పిల్లవాడి భాష బాగుంది. వాన, బురద, చీకటి, గెడ్డ పొంగు అన్నీ ఉన్నాయి. చదివినవాళ్ళకు కళ్ళు చెమరుస్తాయి. కానీ చదవడం ముగిశాక నాకు ఏం తెలిసింది అని వేసుకుంటే, తెలిసింది చాలా తక్కువ. డోలీ మోసినవాళ్ళు నలుగురని ఉంది, వాళ్ళ మాట ఒక్కటీ లేదు. ఎన్ని కిలోమీటర్లు నడిచారో లేదు. ఆ ఊరికి రోడ్డు ఎప్పుడైనా మంజూరైందా, మంజూరైతే ఎక్కడ ఆగింది, అటవీ శాఖ అనుమతి దగ్గరా, కాంట్రాక్టరు దగ్గరా అన్నది లేదు. ఏఎన్ఎం చివరిసారి ఆ ఊరికి ఎప్పుడు వచ్చిందో లేదు. అన్నిటికంటే, ఆ తల్లి మాట్లాడదు. కథనం మొదటి నుంచి చివరి దాకా ఆమె మూలుగుతూనే ఉంటుంది.

డోలీ గురించి రాయకూడదని కాదు. డోలీ నిజం. కానీ పత్రికలు మన డోలీని ఎన్నిసార్లు వేశాయంటే, ఇప్పుడు దానికి ఒక అచ్చు తయారైంది. "తప్పని డోలీ మోత", "తీరని వెతలు", "అడవి బిడ్డల గోడు" అనే శీర్షికలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఊరి పేరు మారుతుందంతే. మన పిల్లవాడు ఆ అచ్చులో తన ఊరిని పోశాడు. తన కళ్ళతో చూసినదాన్ని కూడా పత్రికలో చదివిన మాటలతోనే చెప్పాడు. అతని తప్పు కాదది. వార్త అంటే అలాగే ఉంటుందని మనమే నేర్పాం. తన ఊరివాళ్ళను జాలిపడాల్సిన మనుషులుగా చూపించినందుకు అతనికి బహుమతి వచ్చింది. ఈసారి ఏం రాయాలో పక్క బడి పిల్లలకు కూడా దాంతో తెలిసిపోయింది.

రెండో బహుమతి పొందిన కథనం నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అది పోడు మీద. కొండలు బోడిగా మారుతున్నాయని, గిరిజనులు పోడు కోసం చెట్లు నరికి కాల్చేయడం వల్ల వానలు తగ్గుతున్నాయని, వాళ్ళకు అవగాహన కల్పించాలని ఆ పిల్ల రాసింది. ఆ పిల్ల ఇంట్లో తినే చోడి, సామ, కంది ఆ కొండ మీద పండినవే. వాళ్ళ నాన్నమ్మ ఇప్పటికీ అక్కడికి వెళ్ళి కలుపు తీస్తుంది. కథనంలో నాన్నమ్మ లేదు. "గిరిజనులు" ఉన్నారు. "వాళ్ళు" ఉన్నారు. "మేము" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఒక ఆదివాసీ పిల్ల తన సొంత నాన్నమ్మను సమస్యగా రాసి, ఆమెకు అవగాహన కల్పించమని పట్నంలో ఉన్నవాళ్ళను కోరింది.

ఆ వాక్యాలు ఆ పిల్లవి కావు. పర్యావరణ దినోత్సవం నాడు ఉపన్యాసాల్లో విన్నది, వ్యాసరచన పుస్తకాల్లో చదివింది తిరిగి రాసింది. ఒక విలేకరిగా ఆ పిల్ల అడగాల్సిన ప్రశ్నలు ఇంట్లోనే ఉన్నాయి. ఆ కొండ మీద మనకు ఎన్ని ఎకరాలు? ఎన్నేళ్ళుగా చేస్తున్నాం? ఏటా కొత్తచోట నరుకుతున్నామా, ఉన్నచోటే దున్నుతున్నామా? పట్టా వచ్చిందా? అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, సాగు చేస్తున్నంత మేరకు, నాలుగు హెక్టార్లు మించకుండా హక్కు గుర్తించాలని అది చెప్తుంది. ఆ పనికి మొదటి మెట్టు ఊరి గ్రామసభ. మన ఊళ్ళో గ్రామసభ ఎప్పుడు కూర్చుంది? ఎంతమంది అడిగారు, ఎంతమందికి వచ్చింది, రానివాళ్ళకు కారణం కాగితం మీద ఇచ్చారా? ఈ ప్రశ్నలకు జవాబులు తెచ్చి ఉంటే, పోడు మంచిదని తేలినా చెడ్డదని తేలినా అది వార్త అయ్యేది.

ఇంకో సంగతి. అడవి తరుగుతోందని రాసినప్పుడు ఎవరి వల్ల ఎంత అని అడగాలి. మన అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సాగిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని ఆ తీర్పు చెప్పింది. కొండ గురించి రాసే మన పిల్లకు ఆ తీర్పు పేరు కూడా తెలియదు. పోడు మాత్రం తెలుసు, అది నేరమన్నట్టుగా తెలుసు. ఇది పిల్ల మీద విమర్శ కాదు. తరగతిలో సమత తీర్పు గురించి ఒక్క పూటైనా చెప్పని నాలాంటివాళ్ళ మీద విమర్శ.

మూడో బహుమతి థింసా మీద రాసిన కథనానిది. రంగుల చీరలు, డప్పు, తుడుం, కల్మషం లేని మనసులు. ఇందులో తప్పుడు సంగతి ఏదీ లేదు, కొత్త సంగతీ లేదు. ఒక్క మాట దగ్గర ఆగాను: "మారుమూల". మారుమూల గ్రామంలో పుట్టిన నృత్యమట. ఎక్కడి నుంచి చూస్తే మారుమూల? ఆ పిల్లవాడికి తన ఊరు మారుమూల కాదు, విశాఖపట్నమే దూరం. "అమాయక", "మారుమూల", "అడవి బిడ్డలు", "అవగాహన లేని" అన్న మాటలన్నీ దూరంగా నిలబడి చూసేవాళ్ళవి. "ఏజెన్సీ" అన్న మాట కూడా అలాంటిదే. 1839లో బ్రిటిష్‌వాళ్ళు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి విడదీసి గవర్నరు ఏజెంటు చేతికి అప్పగించారు. ఆ ఏజెంటు పాలించిన చోటు ఏజెన్సీ అయింది. ఆ మాట ఇప్పుడు మన నోట్లో బాగా అలవాటైపోయింది, దాన్ని వదిలెయ్యమని అనను. కానీ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి వాడటం వేరు, తెలియక వాడటం వేరు.

ఇక బహుమతి రాని ఒక రాత గురించి చెప్పాలి. అది మా బడి పిల్లది, తొమ్మిదో తరగతి. వాళ్ళమ్మ ఏటా వేసవి ముందు చింతపండు సంతకు తీసుకెళ్తుంది. ఇంట్లో తూచడానికి ఏమీ లేదు. ఎంత తెచ్చామో తెలియదు, షావుకారు ఎంతంటే అంత. హాస్టలు సరుకుల గదిలో కరెంటు కాటా ఉందని పిల్లకు తెలుసు. వంటమనిషిని బతిమాలి, సంత రోజు పొద్దున్నే అమ్మ తట్టను దాని మీద పెట్టి తూచింది. తర్వాత అమ్మతో సంతకు వెళ్ళి షావుకారు కాటా ఎంత చూపిందో రాసుకుంది. ఇలా వరసగా మూడు సంతలు చేసింది. ఒక గళ్ళ కాగితం మీద తేదీ, హాస్టలు తూకం, సంత తూకం, ఇచ్చిన ధర అని నాలుగు గీతలు గీసి నింపింది. మొదటి సంతలో పది కిలోలు ఎనిమిదిన్నర అయ్యాయి. మిగతా రెండు సంతల్లోనూ అదే దారి.

కథనం రెండు పేజీలు. మొదలు పెట్టడం కూడా "మా అమ్మ చింతపండు అమ్ముతుంది" అనే. వర్ణన లేదు. పోటీవాళ్ళు వెనక్కి పంపిన కాగితం మీద మూడు మాటలు రాశారు: విషయం చిన్నది, భాష సాదాగా ఉంది, పరిష్కారం సూచించలేదు. పాల్గొన్నందుకు ఒక సర్టిఫికెట్ ఇచ్చారు.

నా దృష్టిలో ఆ కట్టలో వార్త అనదగ్గది అదొక్కటే. మిగతా మూడూ మనకు ముందే తెలిసినదాన్ని చెప్పాయి. ఇది తెలియనిదాన్ని చెప్పింది. ఆ పిల్ల ఎవరి మాటా నమ్మి ఊరుకోలేదు, చివరకు అమ్మ మాట కూడా. తూచి చూసింది. ఒకసారి పొరపాటు కావచ్చని మూడుసార్లు తూచింది. విలేకరి పని అంటే అదే.

అయితే బహుమతి రాలేదు కాబట్టి దానిలో లోపాలు లేవని అనలేను. ఉన్నాయి. షావుకారును అడగలేదు. "మీ కాటాలో తక్కువ వస్తోంది, ఏమంటారు?" అని అడగడానికి ఆ పిల్ల భయపడింది. ఆ భయం న్యాయమైనదే, కానీ అప్పుడు తోడుగా పెద్దవాళ్ళెవరైనా వెళ్ళాలి. అవతలివాళ్ళ జవాబు లేని ఆరోపణ సగం వార్తే. తేమ కింద కోసుకున్నానని, గింజ ఉందని, తట్ట బరువు తీశానని అతను అనవచ్చు. ఆ మాట నిజమో కాదో అప్పుడు చూడాలి. హాస్టలు తూకంలో తట్ట బరువు తీసిందో లేదో కూడా కథనంలో చెప్పలేదు. రెండోది, కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా లేదా చూడలేదు. వ్యాపారంలో వాడే ప్రతి కాటానూ గడువులోపల తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. ముద్ర చూడటానికి ఎవరితోనూ గొడవ పడనక్కర్లేదు. మూడోది, ధర. చింతపండు వంటి అటవీ ఉత్పత్తులు కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. 2013-14 నుంచి కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం కూడా నడుపుతోంది, చింతపండు అందులో ఉంది. ఆ ఏడాది సంస్థ ధర ఎంత, షావుకారు ఇచ్చింది ఎంత, సంస్థ కొనుగోలు కేంద్రం ఉండగా అమ్మ షావుకారు దగ్గరికే ఎందుకు వెళ్ళింది అన్న ప్రశ్న కథనంలో లేదు. ఈ చివరి ప్రశ్న సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఎంపిక చేసినవాళ్ళు ఎత్తిచూపిన "పరిష్కారం" గురించి. పిల్లల పోటీలన్నిటిలోనూ ఈ కోరిక ఉంటుంది. అంతర్జాతీయంగా జరిగేవాటిలోనూ ఉంది. డెన్మార్క్‌లో కార్యాలయం ఉన్న ఫౌండేషన్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ అనే సంస్థ యంగ్ రిపోర్టర్స్ ఫర్ ది ఎన్విరాన్‌మెంట్ అనే పోటీ నడుపుతుంది. 11 నుంచి 25 ఏళ్ళ వయసువాళ్ళు వ్యాసం, ఫోటో, వీడియో పంపవచ్చు. మన దేశంలో దీన్ని అహ్మదాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంట్ ఎడ్యుకేషన్ చూస్తోంది. తమ దగ్గర ఉన్న ఒక పర్యావరణ సమస్యను పరిశోధించడం, పరిష్కారాలు వెతకడం, రిపోర్టు చేయడం, దాన్ని స్థానికులకు చేరవేయడం అన్నవి ఆ పోటీకి నాలుగు మెట్లు. పరిష్కారం వెతకమనడంలో మంచి ఉద్దేశమే ఉంది. పిల్లలు నిరాశతో ఆగిపోకూడదని. కానీ మన పిల్లల చేతిలో అది ఎలా తిరుగుతుందో పోడు కథనంలో చూశాం. నాలుగు రోజుల గడువులో, ఆరువందల మాటల్లో, పద్నాలుగేళ్ళ పిల్ల దగ్గర నిజమైన పరిష్కారం ఉండదు. ఉన్నది ఒక్కటే: "ప్రజల్లో అవగాహన కల్పించాలి". పరిష్కారం అడిగినకొద్దీ పిల్లలు ఆ వాక్యం రాస్తారు. ఆ వాక్యం రాసిన ప్రతిసారీ తప్పు ఊరివాళ్ళదే అవుతుంది.

ఏది నిజమో తేల్చడమే విలేకరి ఇవ్వగల పెద్ద సాయం, పరిష్కారం దాని వెనక వస్తుంది. దీనికి బడిపిల్లల ఉదాహరణే ఒకటి ఉంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ అనే ఊళ్ళో హైస్కూలు పిల్లలు బూస్టర్ రెడక్స్ అనే బడి పత్రిక నడుపుతారు. 2017లో వాళ్ళ బడికి కొత్త ప్రిన్సిపాల్‌ను నియమించారు. ఆమెను పరిచయం చేస్తూ మామూలు వార్త రాద్దామని పిల్లలు మొదలుపెట్టారు. డిగ్రీలు ఇచ్చిన విశ్వవిద్యాలయం గురించి వెతికితే దానికి సరైన గుర్తింపు ఉన్నట్టు కనబడలేదు. ఆమెతోనే మాట్లాడారు, అడిగినవి మళ్ళీ అడిగారు, దొరికిన కాగితాలన్నీ సరిచూసుకుని అచ్చువేశారు. కొద్ది రోజుల్లోనే ఆమె ఉద్యోగంలో చేరకముందే రాజీనామా చేశారు. పిల్లలు ఆ వార్తలో ఏ పరిష్కారమూ సూచించలేదు. ఒక సంగతిని సరిచూశారు. మా బడి పిల్ల చింతపండు తూచిన పని, వాళ్ళు సర్టిఫికెట్ సరిచూసిన పని ఒకే జాతివి. తేడా ఏమిటంటే వాళ్ళకు ఏళ్ళ తరబడి తోడున్న పత్రికా గురువు ఉన్నారు, తమ బడిలోనే చదివే పాఠకులు ఉన్నారు. మన పిల్లకు ఉన్నది నాలుగు రోజుల గడువు, నేను.

నేను అన్నాను కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. పోటీకి పంపేముందు ఆ పిల్ల రాతను నేను దిద్దాను. అమ్మ మాటలను పిల్ల కువిలో విని తెలుగులో రాసింది. వాక్యం కుదురుగా లేదు. తూకం అంతేనని, వానల్లో బియ్యం వాడే కదా ఇచ్చేదని, పిల్లలకు జ్వరం వస్తే డబ్బులు కూడా వాడేనని అమ్మ అన్నట్టు ఉంది. ఇది కథనానికి అడ్డొస్తోంది, షావుకారును మెచ్చుకున్నట్టుంది అనిపించింది. కొట్టేసి, "మేము ఎన్నో ఏళ్ళుగా మోసపోతున్నాము" అని రాయించాను. పుస్తకాల తెలుగు. ఆ తల్లి ఎప్పుడూ అనని మాట. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాను కూడా.

ఇక్కడ భాష గురించి ఒక్క మాట. మన పిల్లలు కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, సవర, కొలామీల్లో విని తెలుగులో రాస్తారు. మైదానం పిల్లలకు ఈ పని లేదు. ప్రతి మాటా అనువాదమే అయినప్పుడు, గురువు దిద్దుబాటులో మనిషి గొంతు మాయమవడం చాలా తేలిక. అందుకే మూల భాషలో అన్న మాటను పిల్లలు ముందు తెలుగు అక్షరాల్లో ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోవాలి. తెలుగు చేశాక ఆ మాట అన్న మనిషికి చెప్పి, ఇదేనా మీరన్నది అని అడగాలి. వార్త మన భాషల్లో ఉండలేదనుకోవడం పొరపాటు. అమెరికా ఆదివాసులైన చెరోకీలు 1828లోనే చెరోకీ ఫీనిక్స్ అనే పత్రికను తమ లిపిలోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేశారు. మన పక్క ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వరలో గోండి మాట్లాడేవాళ్ళు ఫోన్ చేసి తమ ఊరి వార్తను తమ గొంతుతోనే చెప్పారు. చదువురాని మనిషి కూడా ఫోన్ పెట్టుకుని వినవచ్చు. రెండిటిలోనూ ఆ వార్తను మొదట వినేవాళ్ళలో తమవాళ్ళు ఉన్నారు. పోటీకి రాసే వార్తలో లేనిది అదే. దాన్ని చదివేది ముగ్గురు న్యాయనిర్ణేతలు, అంతే.

సర్టిఫికెట్ వచ్చాక, తల్లిదండ్రుల సమావేశం రోజున ఆ పిల్లను లేపి తన కథనం చదవమన్నాను. తెలుగులో చదివి, ఒక్కో ముక్కా కువిలో చెప్పింది. అంకెలు చెప్పినప్పుడు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అమ్మ మాట దగ్గరికి వచ్చేసరికి వాళ్ళమ్మ లేచింది. నేను అలా అనలేదు, ఇంకో మాట అన్నాను, అదేదీ అంది. పిల్ల నా వైపు చూసింది. నేనే తీసేశానని చెప్పాను. అప్పుడు ఆమె ఆ మాట మళ్ళీ చెప్పింది. వెనక కూర్చున్న ముసలమ్మ అందుకుంది. వానాకాలం తిండి లేనప్పుడు షావుకారు దగ్గర బియ్యం తెచ్చుకుంటారు. ఆ బాకీ కింద చింతపండు అతనికే వెయ్యాలి. సంస్థ కేంద్రానికి తీసుకెళ్తే వచ్చే ఏడాది బియ్యం ఇవ్వడు. తూకం తక్కువని అందరికీ తెలుసు, అడిగేవాళ్ళు లేరు. ఇంకో ఇద్దరు అదే చెప్పారు.

కొనుగోలు కేంద్రం ఉండగా షావుకారు దగ్గరికే ఎందుకు వెళ్తున్నారన్న ప్రశ్నకు జవాబు అది. తూకం వెనక అప్పు ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో వడ్డీ వ్యాపారం మీద 1960 నుంచే ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. లైసెన్సు లేకుండా అప్పులివ్వడం చెల్లదు. బియ్యం బాకీ పేరుతో జరిగేది దానికిందికి వస్తుందా అని అడిగితే అది మరో పెద్ద వార్త. ఆ వార్త పిల్ల నోటుపుస్తకంలో మొదటి నుంచీ ఉంది. భాష బాగుచేస్తున్నానని నేను కొట్టేశాను. పోటీవాళ్ళు విషయం చిన్నదన్నారు. దాన్ని చిన్నది చేసింది నేను.

కాబట్టి పోటీలకు పంపవద్దని చెప్పడం లేదు. పంపాలి. గడువులోపల రాయడం, మాటల లెక్కలో ఒదిగించడం, పేరు అచ్చులో చూసుకోవడం మన పిల్లలకు కావాలి. బహుమతి కోసం పట్నం వెళ్ళి మైకు ముందు నిలబడటం కూడా కావాలి. వద్దనడానికి మనమెవరం? కానీ పోటీకి ముందు ఒక మెట్టు మనమే పెట్టుకోవాలి. రాసింది ఎవరి గురించో వాళ్ళ ముందు, వాళ్ళ భాషలో, చదివి వినిపించాలి. డోలీ కథనాన్ని ఆ తల్లి ముందు చదివి ఉంటే, దారిలో ఏం జరిగిందో ఆమే చెప్పేది. పోడు కథనాన్ని నాన్నమ్మ ముందు చదివి ఉంటే, ఆ పిల్ల "వాళ్ళు" అన్న చోట ఆగిపోయేది. ఊరివాళ్ళు కాదన్నది కొట్టేయాలని దీని అర్థం కాదు. ఊరివాళ్ళూ తప్పు చెప్పవచ్చు, దాచవచ్చు. నిజమని తేలినదాన్ని ఊరు ఒప్పుకోకపోయినా రాయాలి. కానీ వాళ్ళ ఎదురుగా చదవలేని వాక్యాన్ని వాళ్ళ వెనక పంపకూడదు.

ఉపాధ్యాయులకు ఇంకో రెండు మాటలు. హాస్టలు భోజనం మీదో, మన శాఖ మీదో పిల్ల రాస్తే, దాని బరువు పిల్ల ఒక్కదాని మీద పడనివ్వకూడదు. పిల్ల ఇంకో ఏడాది ఆ హాస్టల్లోనే తినాలి. అలాంటి కథనానికి మన సంతకం పక్కన మన బాధ్యత కూడా ఉండాలి, లేదా పేరు లేకుండా పంపే దారి వెతకాలి. భయంతో ఆపేయడం సులువు. కానీ ఆపేసిన ప్రతిసారీ పిల్లలు మళ్ళీ థింసా గురించే రాస్తారు. రెండోది, ఎర్రపెన్ను. అక్షరదోషం దిద్దండి. ఒత్తు, దీర్ఘం దిద్దండి. ఇంకొకరు అన్న మాట మీదికి మాత్రం పెన్ను తీసుకెళ్ళకండి. నేను తీసుకెళ్ళాను.

ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. ఈ ఏడాది పోటీ కాగితం ఇంకా రాలేదు. నోటుపుస్తకంలో మాత్రం కొత్త గీతలు గీసుకుంది: ఇంటి పేరు, వానల్లో తెచ్చిన బియ్యం, వేసవిలో వేసిన చింతపండు. ఆరు ఇళ్ళు నిండాయి. ఈసారి షావుకారును అడగడానికి నేను వెంట వెళ్తానని చెప్పాను.